మర్యాద దగ్గు

పా జదిమాన్ దొంగాట ఆడాడు. చదరంగం బల్ల ముందు తెర్కెలిన్ లవంగం సిగరెట్టు వెలిగించుకోవడానికి తల పక్కకి తిప్పిన ఆ కాస్త సందులో, తన గుర్రాన్ని ఒక గడి జరిపాడు. ఇది తెర్కెలిన్ అనుమానం కాదు. జరిగిన సంగతి. ఆ రోజు కాఫీ దుకాణంలో తొమ్మిది మంది ఉన్నారు. తొమ్మిది మందీ చూశారు. తొమ్మిది మందీ చూడలేదన్నారు. కాబట్టి తొమ్మిది మందీ దొంగలే.

ఆ సాయంత్రం నుంచి ఏడేళ్ళుగా తెర్కెలిన్ ఆ దుకాణం గడప తొక్కలేదు. ఆ ఊళ్ళో కాఫీ దుకాణానికి పోని మగవాడికి మిగిలేవి మూడే చోట్లు. తోట, చర్చి, ఇల్లు. చర్చి ఆదివారమే తెరుస్తారు. తోటలో నారింజ చెట్లతో ఎంతసేపని మాట్లాడతాడు? ఇంట్లో భార్య ఉండేది కనక సరిపోయింది. ఆవిడ కూడా నాలుగేళ్ళ కిందట కబంజాహె సంతలో ఉప్పు కొని బస్సెక్కబోతూ కుప్పకూలి, ఒక్క మాట చెప్పకుండా పోయింది. దాన్నీ తెర్కెలిన్ క్షమించలేదు.

అప్పటి నుంచి ఇంట్లో కొడుకు ఎర్సాదా, కోడలు మలెమ్తా, తను. ఎర్సాదా క్యాబేజీ లారీ నడుపుతాడు. మేడాన్ దాటి ఎక్కడికో పోతే పది రోజులకొకసారి వస్తాడు, బట్టలు ఉతికించుకుని పోతాడు.

ఈ ఏడు మలెమ్తాకి మగపిల్లవాడు పుట్టాడు. పేరు ఇంకా పెట్టలేదు. పేరు పెట్టేదాకా మగపిల్లలందరినీ పిలిచినట్టే వాణ్ణీ తొంగాత్ అని పిలుస్తున్నారు. కాన్పుకి మలెమ్తా తల్లి వచ్చి నలభై రోజులుంది. వియ్యపురాలు ఉన్న ఇంట్లో మగవాడు తిరగడం బాగుండదని తెర్కెలిన్ ఆ నలభై రోజులూ తోటలో పాకలోనే పడుకున్నాడు. వారానికొకసారి వచ్చి గుమ్మంలోంచి మనవణ్ణి చూసి పోయేవాడు. ప్రతిసారీ వాడు కాస్త ఒళ్ళు చేసి కనిపించేవాడు. మణికట్టు దగ్గర దారం కట్టినట్టు మడత పడింది.

నలభయ్యో రోజు దాటాక వియ్యపురాలు అల్లం తవ్వుకోవాలని తన ఊరు తిగలింగ్గా వెళ్ళిపోయింది. అదే వారం వానలు దిగాయి. గాలికి పాక మీది రేకులు రెండు ఎగిరి లోయలో పడ్డాయి. తెర్కెలిన్ చాపా దుప్పటీ చంకన పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు. ఇంట్లో ఆడదిక్కు లేదు, కొడుకు లేడు, బాలింత ఒక్కతే ఉంది. ఇక చూసుకోవలసినవాడు తనే.

చూసుకోవడం మొదలుపెట్టిన పది రోజులకి మలెమ్తాకి పాలు తగ్గాయి.

తెర్కెలిన్ కారణం వెంటనే కనిపెట్టాడు. వియ్యపురాలు పెట్టిన పులుసులో సారం లేదు. నలభై రోజులు ఏదో నీళ్ళు కాచి పోసి పోయింది. దానికి విరుగుడు తనకి తెలుసు. తన భార్య ఎర్సాదాని కన్నప్పుడు అత్తగారు కోడి కోసి, కొబ్బరిపాలు పోసి, అల్లం మిరియాలు దంచి, దోసెళ్ళకొద్దీ వామాకు దూసి పోసి పులుసు పెట్టేది. బాలింత తినగా మిగిలింది తెర్కెలిన్ తినేవాడు. ఆ వంటలో తనకున్న చదువు అంతే. చాలనుకున్నాడు.

పెరట్లో పద్నాలుగు కోళ్ళున్నాయి. రోజు విడిచి రోజు ఒకటి తగ్గింది.

బాలింతకి వెచ్చగా ఉండాలని మలెమ్తా పడక వంటింట్లోనే, పొయ్యి పక్కన బల్ల మీద. పులుసు కాగేదీ ఆ పొయ్యి మీదే. మామా కోడలూ ఎదురెదురుగా చూసుకోకూడదు, ఒకే చాప మీద కూర్చోకూడదు, ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. దాన్ని రెబు అంటారు. ఊళ్ళో కుర్రకారు ఈ మధ్య సడలిస్తున్నారు గానీ తెర్కెలిన్ ఇంట్లో రెబు రెబులాగే నడుస్తుంది. చెప్పవలసింది ఉంటే మధ్యలో ఇంకో మనిషికి చెప్పాలి. మనిషి లేకపోతే వస్తువుకి చెప్పాలి.

అతను వంటింటి గుమ్మం ఇవతల ఆగి గట్టిగా దగ్గేవాడు. అది మర్యాద. లోపల గుడ్డలు సర్దుకుంటున్న చప్పుడయ్యేది. అప్పుడు తల దించుకుని లోపలికి పోయేవాడు. అప్పటికే మలెమ్తా శాలువా మెడదాకా కప్పుకుని, పిల్లవాణ్ణి భుజాన వేసుకుని, గోడవైపు తిరిగి కూర్చుని ఉండేది. పిల్లవాడు ఏడుస్తూ ఉండేవాడు.

"కుండా," అనేవాడు తెర్కెలిన్, పొయ్యి మీది కుండతో. "గిన్నెలో పులుసు అలాగే ఉందేమని అడుగు."

"గోడా," అనేది మలెమ్తా. "ఇది నాలుగో గిన్నె అని మామయ్యతో చెప్పు."

"కుండా, నాలుగోది అయితే అయిదోది ఎప్పుడని అడుగు."

"గోడా, కడుపులో చోటు లేదని చెప్పు."

"కుండా, చోటు చేసుకోమను. పిల్లాడు ఎలా ఏడుస్తున్నాడో వినబడటం లేదా అని అడుగు."

గోడకి ఆమె ఏదో చెప్పబోయి ఆగిపోయేది. గిన్నె అందుకుని తాగేసేది. తెర్కెలిన్ కుండ మూత తీసి, గరిటె తిప్పి, మంట ఎగదోసి, బయటికి వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. కాసేపటికి పిల్లవాడి ఏడుపు తగ్గేది. పులుసు పనిచేసిందనుకుని, ఎంత పనిచేసిందో చూద్దామని మళ్ళీ లేచి గుమ్మం దగ్గర దగ్గేవాడు. పిల్లవాడు మళ్ళీ ఏడ్చేవాడు.

మణికట్టు మీద మడత పోయింది.

మలెమ్తా స్నానానికి వెళ్ళినప్పుడు పిల్లవాణ్ణి ముందుగదిలో దూలానికి కట్టిన గుడ్డ ఉయ్యాలలో వేసి పోతుంది. ఆ పది నిమిషాలూ తాతా మనవడూ ఇద్దరే ఉంటారు. తెర్కెలిన్ ఉయ్యాల ఊపుతున్నట్టు ఒక వేలు లోపల పెడతాడు. వాడు ఆ వేలు పట్టుకుంటాడు. ఒక రోజు దాన్ని నోట్లో పెట్టుకుని చీకడం మొదలుపెట్టాడు. అందులో ఏమీ లేదని తెలిశాక తాత మొహం వంక చూశాడు. మాట తప్పినవాణ్ణి చూసినట్టు చూశాడు. ఆ చూపు సంగతి తెర్కెలిన్ ఎవరికీ చెప్పలేదు.

బుధవారం ఊరి కచేరీ వసారాలో పిల్లల్ని తూస్తారు. దూలానికి కాటా వేలాడదీసి, దానికి గుడ్డ సంచీ తగిలించి, అందులో పిల్లవాణ్ణి కూర్చోబెడతారు. వాన పడుతోందని తెర్కెలిన్ గొడుగు తీసుకుని కోడలి వెనక బయలుదేరాడు. గొడుగు చేతికి ఇవ్వకూడదు కాబట్టి నేల మీద పెట్టాడు. ఆమె తీసుకుంది. అతను పది అడుగుల వెనకాల తడుస్తూ నడిచాడు.

నర్సమ్మ జావా నుంచి వచ్చిన మనిషి. వచ్చి ఏడాదైనా ఆవిడకి రెబు తలకెక్కలేదు.

"రెండు వారాల్లో అరవై గ్రాములు. ఇదేం చాలుతుంది?" అంది పుస్తకంలో రాస్తూ. తలెత్తి నేరుగా తెర్కెలిన్ని అడిగింది. "తాతగారూ, అమ్మాయి రోజుకి ఎన్నిసార్లు పాలిస్తోంది?"

వసారాలో ఉన్న ఆడవాళ్ళందరూ మొహాలు కొంగుల్లో దాచుకున్నారు. తెర్కెలిన్ పైన దూలం వంక చూశాడు.

"ఆ మాట నన్నడుగుతారా?"

"మరి మీరేగా తోడొచ్చారు?"

"నేను గొడుగుకి తోడొచ్చాను."

నర్సమ్మ నిట్టూర్చి మలెమ్తాతో చెప్పింది. "వచ్చే బుధవారానికి నూరు గ్రాములైనా పెరగాలమ్మా. లేకపోతే డబ్బా పాలు కలపక తప్పదు."

ఇంటికి వస్తుంటే తూము దగ్గర మలెమ్తా ఆగింది. వెనక్కి తిరగలేదు. పైకి చూసి గొడుగుతో అంది.

"గొడుగా, మామయ్యకి చెప్పు. అమ్మ ఉన్నన్నాళ్ళూ నాకు పాలు పడ్డాయి. వచ్చే బుధవారం బరువు పెరక్కపోతే వీణ్ణి తీసుకుని తిగలింగ్గా వెళ్ళిపోతాను."

తెర్కెలిన్ చుట్టూ చూశాడు. మాట్లాడటానికి దగ్గర్లో తూము తప్ప ఏమీ లేదు.

"తూమా, ఎన్నాళ్ళకని అడుగు."

"గొడుగా, వీడు పాలు మానేదాకా అని చెప్పు."

అంటే రెండేళ్ళు. తిరిగొచ్చేసరికి వాడికి నడక వస్తుంది, మాటలు వస్తాయి, వియ్యపురాలి పెరట్లో కోళ్ళ పేర్లన్నీ వస్తాయి. ఈ ఇంటికి చుట్టంలా వస్తాడు. తెర్కెలిన్ ఆ సాయంత్రం ఇంకో కోడిని కోశాడు.

మలెమ్తా మొగుడికి ఫోన్ చేసింది. మొగుడు దారిలో ఎక్కడో లారీ ఆపి మేనత్తకి ఫోన్ చేశాడు. గురువారం మధ్యాహ్నం నాందె మూర్ని బస్సు దిగింది. ఆవిడ తెర్కెలిన్‌కి పెద్దక్క. ఊళ్ళో ఈ చివర నోరు తెరిస్తే ఆ చివర కుక్కలు లేస్తాయి. మేనత్తకి కోడలితో రెబు లేదు. వస్తూనే వంటింట్లోకి పోయి, పిల్లవాణ్ణి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏమే, వీడేంటి, ఎండబెట్టిన చేపలా ఉన్నాడు?"

"పాలు రావడం లేదత్తా," అని మలెమ్తా ఏడ్చేసింది.

"వస్తాయిలే, ఏడవకు. ఇంత పులుసెవరు పెట్టారు? ఊరికంతా భోజనాలా?"

గుమ్మం అవతల తెర్కెలిన్ దగ్గాడు.

శుక్రవారం పొద్దుటి నుంచి నాందె మూర్ని వంటింట్లో మూల పీట వేసుకుని తమలపాకుల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏ పనీ చేయలేదు. తెర్కెలిన్‌కి ఒళ్ళు మండింది. సాయం చేయడానికి వచ్చిన మనిషి వక్క కొరుక్కుంటూ కూర్చోవడమేమిటి? కసి కొద్దీ మామూలు కన్నా ఎక్కువసార్లు వచ్చి పులుసు చూసుకున్నాడు.

పొద్దు వాలుతుండగా ఆవిడ అతన్ని పెరట్లో నారింజ చెట్ల కిందికి తీసుకుపోయింది. కొంగు విప్పింది. అందులో వక్క ముక్కలున్నాయి.

"లెక్కపెట్టు."

"ఎందుకు?"

"లెక్కపెట్టరా అంటుంటే."

ముప్పై ఒకటి ఉన్నాయి.

"ఇవాళ పొద్దుటి నుంచి ఇప్పటిదాకా నువ్వు దగ్గిన దగ్గులు," అంది ఆవిడ. "నువ్వు దగ్గినప్పుడల్లా ఒక ముక్క పక్కన పెట్టా."

"దగ్గకుండా ఎలా పోను లోపలికి? కోడలున్న చోటు. మర్యాద ఉండద్దూ?"

"ఉండాలి. నువ్వు దగ్గినప్పుడల్లా ఆ పిల్ల ఏం చేస్తోందో తెలుసా? పిల్లాడి నోట్లోంచి రొమ్ము లాగేసి శాలువా కప్పుకుంటోంది. వాడు నోరు పెట్టి, పాలు చేపుకొచ్చే వేళకి సరిగ్గా నువ్వు ఖళ్ మంటావు. అది లాగేస్తుంది. నువ్వు కుండతో కబుర్లు చెప్పి పోతావు. అది మళ్ళీ తీస్తుంది. నువ్వు మళ్ళీ ఖళ్. ఇవాళ వాడు కడుపారా తాగింది ఒక్కసారి. అది కూడా నువ్వు కోడిని పట్టుకోవడానికి పెరడంతా పరిగెత్తావు చూడు, అప్పుడు."

తెర్కెలిన్ చెట్టు మీద పురుగు కనిపిస్తే నలిపేశాడు.

"పులుసు పెట్టానుగా," అన్నాడు.

"పులుసు బాగుంది. వంటవాడే అడ్డం. ఒరే, బిడ్డ చీకితేనే పాలు పడతాయి. నువ్వు చీకనిస్తేగా? ఇప్పుడు నువ్వు దగ్గకపోయినా, దగ్గుతావేమోనని దానికి భయం. అరుగు మీద నీ చెప్పుల చప్పుడైతే చాలు, బిగుసుకుపోతోంది."

"అయితే ఆ మాట నాకు చెప్పొచ్చుగా?"

"ఎలా చెబుతుంది? గోడా, మా మామయ్యని ఆయన ఇంట్లోంచి బయటికి పొమ్మను, నేను రొమ్ము తియ్యాలీ అనా? ఆ గోడే సిగ్గుతో కూలిపోతుంది."

"ఇది నా ఇల్లు."

"నీ ఇల్లే. వాడు నీ మనవడే. రెండిట్లో ఏది కావాలో తేల్చుకో. తెల్లారగానే పులుసు పెట్టి బయటికి పో. దీపాలు పెట్టాక రా. బుధవారం దాకా."

"ఎక్కడికి పోను?"

"ఊళ్ళో మగాళ్ళందరూ ఎక్కడికి పోతారు?"

"అక్కడికి పోను," అన్నాడు తెర్కెలిన్.

శనివారం తెల్లారేసరికి పులుసు దించి, గొడుగు తీసుకుని బయటపడ్డాడు. ముందు పందుల కొట్టం చూరు కింద నిలబడ్డాడు. ఇంటికి ఇరవై అడుగులు. పందులు అతన్ని చూసి మేత తెచ్చాడనుకున్నాయి, తేలేదని తెలిసి ఊరుకోలేదు. అలవాటు కొద్దీ గొంతు సవరించుకున్నాడు. వంటింటి కిటికీ లోంచి అక్క తల బయటికి వచ్చింది.

"అక్కడున్నావని తెలిసిపోతోందిరా! అది మళ్ళీ శాలువా కప్పేసింది! పో దూరంగా!"

చర్చికి పోయాడు. తాళం.

"పెళ్ళా? చావా?" అని అడిగాడు కాపలావాడు.

"ఏదీ కాదు. కాసేపు కూర్చుంటాను."

"రేపు ఆదివారం. రేపు కూర్చో."

రోడ్డు మీద బస్సు కోసం కట్టిన రేకుల కొట్టంలో కూర్చున్నాడు. పావుగంటకొక బస్సు వచ్చి అతని ముందే ఆగింది. తలుపుకి వేలాడుతున్న కండక్టరు కేకలు పెట్టాడు. "కబంజాహె, కబంజాహె! ఎక్కు మామా!" రానన్నాడు. పోయిన బస్సే తిరిగొచ్చింది. "బెరస్తాగి, బెరస్తాగి! ఎక్కు మామా!" రానన్నాడు. మూడోసారి కండక్టరు కిందికి దిగి దగ్గరికొచ్చాడు.

"అటూ రాక, ఇటూ రాక... ఇంట్లో నుంచి వెళ్ళగొట్టారా మామా?"

తెర్కెలిన్ లేచి వాన లోకి నడిచాడు. అది పాక రేకుల్ని ఎగరగొట్టిన ఈదురుగాలే. గొడుగు వెనక్కి విరుచుకుపోయింది. పగలంతా మగవాడు కదలకుండా కూర్చోగల పొడి చోటు ఆ ఊళ్ళో ఒక్కటే ఉంది. దాని ముందు రెండుసార్లు అటూ ఇటూ పోయాడు. బుధవారం ఇంకా నాలుగు రోజులు. గడప దాటాడు.

దుకాణంలో మాటలు ఆగిపోయాయి. ఆ రోజు కూర్చున్న బల్ల అక్కడే ఉంది. బల్ల దగ్గర పా జదిమాన్ ఉన్నాడు. మనిషి లావయ్యాడు.

"దారి తప్పావా పా ఎర్సాదా?" అన్నాడు, ఊరి అలవాటు ప్రకారం తండ్రిని కొడుకు పేరు మీద పిలుస్తూ.

"వాన," అన్నాడు తెర్కెలిన్, అతనితో కాదు, తలుపుతో.

"పాపం. ఏడేళ్ళూ ఊళ్ళో చినుకు పడలేదు కదా."

అందరూ నవ్వారు. దూరంగా గోడ పక్కన బల్ల చూసుకుని కూర్చున్నాడు. కొట్టతను గ్లాసు తుడుచుకుంటూ వచ్చాడు.

"పాలు వెయ్యనా?"

తెర్కెలిన్ దిగ్గున లేచి నిలబడ్డాడు. "ఏం పాలు? ఎవరన్నారు నీకు?"

"కాఫీలోకి," అన్నాడు కొట్టతను, రెండడుగులు వెనక్కి వేసి.

"నల్లది చాలు," అని కూర్చున్నాడు.

ఆ రాత్రి అన్నం పెడుతూ అక్క అంది. "ఇవాళ ఏడుసార్లు తాగాడు."

"నాకెందుకు చెబుతున్నావు?"

"నీకెవరు చెప్పారు? గోడకి చెబుతున్నా."

ఆదివారం చర్చి కాగానే మళ్ళీ దుకాణానికి పోయాడు. కానీ మధ్యాహ్నం రెండింటికే చదరంగాలు అయిపోయాయి. చివరి ఆట లేచిందంటే కొట్టతను చెక్కలు మూసేస్తాడు, అతనికి పందులకి మేత వేసుకోవలసిన పని ఉంది. తెర్కెలిన్ చీకటి పడేదాకా విరిగిన గొడుగుతో ఊరి చుట్టూ తిరిగాడు. నాలుగో చుట్టుకి ఆడపిల్లలు కిటికీల్లోంచి వేళ్ళు చూపించి నవ్వారు.

కాబట్టి సోమవారం నాడు సాయంత్రం దాకా సాగే ఆట ఒకటి కావాలి. దుకాణంలో ఉన్నవాళ్ళలో తెర్కెలిన్ ముందు అరగంట నిలబడగలవాడు ఒక్కడే. వాడి ముందుకి పోయి కుర్చీ లాగాడు.

"పేర్చు."

పా జదిమాన్ అతని మొహం చూసి ఏమీ అడగకుండా పావులు పేర్చాడు. ఆ రోజు ఎవరూ గెలవలేదు. చీకటి పడ్డాక లేచారు. ఇంట్లో అక్క గోడతో చెప్పింది. తొమ్మిదిసార్లు తాగాడు. మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా వాడు తల్లిని విడిచిపెట్టడం లేదు, అసలు పొట్ట నింపుకునే వేళ అదే.

మంగళవారం వాన ఇంకా పెరిగింది. దుకాణం నిండిపోయింది. ఏడేళ్ళ తరవాత కలిసిన జోడీ ఆటని చూడటానికి పక్క వీధి వాళ్ళు కూడా వచ్చి చుట్టూ నిలబడ్డారు. తెర్కెలిన్ చేతిలోకి ఆట మధ్యాహ్నానికే వచ్చేసింది. మంత్రిని రెండు గళ్ళు పక్కకి జరిపితే ఆట కట్టు. చేయి మంత్రి మీదికి పోయింది. గోడ గడియారం చూశాడు. మూడు కావడానికి పది నిమిషాలు.

చేయి వెనక్కి తీసి, ఎటూ కాని ఒక బంటుని ముందుకి తోశాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు మూలిగారు.

"కళ్ళు పోయాయా నీకు?" అన్నాడొకడు.

"మంత్రి! మంత్రి ఉందయ్యా అక్కడ!"

"ఆడేవాణ్ణి నేను," అన్నాడు తెర్కెలిన్.

పా జదిమాన్ బంటు వంకా, అతని వంకా మార్చి మార్చి చూశాడు. అందులో ఏదో మోసం ఉందనుకుని ఇరవై నిమిషాలు ఆలోచించాడు. అది తెర్కెలిన్‌కి కలిసొచ్చింది. మూడున్నరకి మళ్ళీ ఆట కట్టే అవకాశం వచ్చింది. మళ్ళీ వదిలేశాడు. గెలవవలసిన ఆటని గెలవకుండా ఉండటం ఓడటం కన్నా కష్టం. ఎవరూ నేర్పని విద్య. చెమట పట్టింది.

నాలుగింటికి రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. తెర్కెలిన్ తల తిప్పి చూశాడు. తిరిగి బల్ల వంక చూసేసరికి పా జదిమాన్ గుర్రం ఉండవలసిన గడిలో లేదు. పక్క గడిలో ఉంది.

ఈసారి చుట్టూ పదిహేను మంది ఉన్నారు. అందరూ చూశారు. అందరూ తెర్కెలిన్ నోటి వంక చూస్తున్నారు. ఆ నోట్లో ఏడేళ్ళుగా రోజూ నూరి సిద్ధం చేసుకున్న మాటలున్నాయి. ఒక్కటి అన్నాడా, బల్ల తిరగబడుతుంది. కేకలు లేస్తాయి. కొట్టతను చెక్కలు మూసేస్తాడు. నాలుగుంబావుకల్లా తను ఇంటి గుమ్మం దగ్గర నిలబడి దగ్గవలసి వస్తుంది.

కాఫీ గ్లాసు ఎత్తాడు. అది ఖాళీ. ఖాళీ గ్లాసునే తాగాడు. కింద పెట్టి, ఏనుగుని జరిపాడు.

"కానీ," అన్నాడు.

ఆరుంబావుకి తెర్కెలిన్ ఓడిపోయాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బయటికి వస్తుంటే పా జదిమాన్ వాన లోనే వెంట పడ్డాడు.

"నువ్వు చూశావు."

తెర్కెలిన్ నడుస్తున్నాడు.

"చూసి ఊరుకున్నావు. ఎందుకు ఊరుకున్నావయ్యా? అప్పుడు నేను జరపలేదు మొర్రో అంటే ఏడేళ్ళు దొంగ దొంగ అని ఊరంతా చెప్పావు. సరే, ఎలాగూ ఆ పేరు మోస్తున్నాను, ఒక్కసారైనా జరిపి మోద్దామని ఇవాళ జరిపాను. ఇవాళ నోరెత్తవేం?"

"అప్పుడూ జరిపావు," అన్నాడు తెర్కెలిన్, ఆగకుండా.

బుధవారం కాటా ముల్లు ఆగేదాకా వసారాలో ఎవరూ ఊపిరి పీల్చలేదు. పిల్లవాడు సంచీలో కాళ్ళు తన్నుతూ ఉండటంతో అది ఆగడానికి చాలాసేపు పట్టింది. నర్సమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది. ఇంకోసారి చూసింది.

"నూట ఎనభై. డబ్బా అక్కర్లేదు. తల్లిపాలే ఇయ్యి." పుస్తకం తెరిచింది. "ఏం చేశారమ్మా? చెప్పండి, రాసుకుంటాను. ఇలాంటి కేసులు నాకింకో నాలుగున్నాయి."

మలెమ్తా నేల వంక చూసింది. నాందె మూర్ని నోరు తెరిచింది. తెరిచి, వసారా చివర విరిగిన గొడుగు పట్టుకుని నిలబడ్డ తమ్ముణ్ణి చూసింది. ఆ మొహం చూసి నోరు మూసుకుని మళ్ళీ తెరిచింది.

"ఏముందమ్మా? మా తమ్ముడు పులుసు పెట్టాడు. వామాకు పులుసు."

నర్సమ్మ రాసుకుంది. ఎంత ఆకు, ఎంత కొబ్బరి అని ఆడవాళ్ళు చుట్టూ మూగారు. మధ్యాహ్నానికల్లా నలుగురు వచ్చి తెర్కెలిన్ పెరట్లో వామాకు మొక్కలన్నీ మొదళ్ళదాకా దూసుకుపోయారు. వాళ్ళలో ఇద్దరి మామలు రోజంతా ఇళ్ళలోనే ఉంటారు.

ఇంటికి వస్తుంటే దారిలో మలెమ్తా తన భుజాన ఉన్న పిల్లవాడితో అంది. "తొంగాత్, మీ తాతకి చెప్పు. అమ్మకి ఫోన్ చేసి మేం రావడం లేదని చెప్పేశాను. కాఫీ దుకాణం మూశాక ఇంటికి వచ్చేసరికి రోజూ అన్నం వేడిగా ఉంటుందని కూడా చెప్పు."

పిల్లవాడు చెప్పలేదు. వాడి గడ్డం మీద పాలు కారుతున్నాయి. తెర్కెలిన్ పది అడుగుల వెనక నడుస్తూ అది చూశాడు.

సాయంత్రం అక్కని బస్సెక్కించడానికి రేకుల కొట్టం దాకా పోయాడు. బస్సు దూరంగా మలుపు తిరుగుతుంటే ఆవిడ సంచీ చంకన సర్దుకుంటూ అంది.

"ఒరే, నర్సమ్మకి అసలు సంగతి చెప్పేస్తే పోదా? ఆ ఇద్దరు మామలకైనా తెలిసేది. పాపం వాళ్ళూ దగ్గుతూనే ఉంటారు. మంచి పనే కదా చేశావు, దాచుకోవడం దేనికి?"

"కోడలి పాల గురించి నేను ఊళ్ళో మాట్లాడాలా?"

"పోనీ నేను చెబుతా."

"నువ్వూ చెప్పవు."

"ఆ పా జదిమాన్‌కైనా చెప్పు. ఎందుకు నోరు మూసుకున్నావో తెలియక చచ్చిపోతున్నాడు."

"చావనీ."

"అది కాదురా..."

"అక్కా," అన్నాడు తెర్కెలిన్. "ఈ అయిదు రోజుల మాట నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు. నేనూ ఎత్తను. నీతోనూ ఎత్తను, గోడతోనూ ఎత్తను. బస్సొచ్చింది. ఎక్కు."